డౌటును దిద్దబోయి

ఇంగ్లిషు లెక్చరర్‌గా రిటైరయ్యాక మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. మెదక్ బస్టాండుకు దగ్గర్లో తెలిసినవాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉంటే, ఆదివారం పొద్దున అక్కడ ఉచిత ఇంగ్లిషు క్లాసు మొదలుపెట్టాను. తొమ్మిది మంది చేరారు. చర్చి దగ్గరి బళ్లో పాఠాలు చెప్పే ఒకామె, సెల్‌ఫోన్ల దుకాణమాయన, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కొందరు, కుల్చారం నుంచి బస్సులో వచ్చే ఒక నర్సు.

ఎందుకు వచ్చారని మొదటి రోజు అందర్నీ అడిగాను. నర్సు సూటిగా చెప్పింది.

“మా దవాఖానకు కొత్త డాక్టర్ మేడం వచ్చింది సార్. వేరే రాష్ట్రం. తెలుగు రాదు, హిందీ సుత అంతంతే. ఇంగ్లిష్ నాకు సమజైతది గని నోరు తిరగది. ఏదన్న అడుగుదమంటె భయమైతది. గా ఒక్కటి నేర్పుండ్రి, చాలు.”

ఆమె ఒక్కటి అడిగింది. నేను ఆరు ఇచ్చాను.

క్లాసులో ప్రతివాళ్లూ నోరు తెరిస్తే “సార్, ఒక డౌట్” అనేవాళ్లు. ఆ మాట నా కంట్లో నలుసులా పడింది. డౌట్ అంటే నమ్మకం కుదరకపోవడం. అడగాల్సింది ఉంటే అది క్వశ్చన్. లెక్కలో తేడా కనిపిస్తే క్వెరీ. విషయం ఇంకాస్త విడమరచి చెప్పమంటే క్లారిఫికేషన్. మనిషి మీద అనుమానమైతే సస్పిషన్. మనసు కీడు శంకిస్తే మిస్‌గివింగ్. ఈ ఆరింటినీ పెద్ద చార్టు మీద రంగు పెన్నులతో రాసి గోడకు అంటించాను. ఒక నియమం కూడా పెట్టాను. డౌట్ అని తప్పుగా అన్నవాళ్లు లేచి నిలబడి, సరైన వాక్యం ఐదుసార్లు చెప్పాలి.

నా సంగతి కొంత చెప్పాలి. వయసులో ఉన్నప్పటి నుంచి మూఢనమ్మకాల మీద వేదికలెక్కి మాట్లాడుతున్నవాణ్ణి. ఊరూరా తిరిగి, ఒట్టి చేతిలోంచి విభూది రాల్చి చూపించి, ఆ గుట్టు నేనే విప్పి, “ఎవరి మాటా గుడ్డిగా నమ్మకండి, ఎవరినైనా నిలదీయండి, నన్ను కూడా” అని గొంతు చించుకునేవాణ్ణి. “నన్ను కూడా” అన్నచోట చప్పట్లు బాగా పడేవి. అందుకే ఏ సభలోనూ ఆ ముక్క వదిలేవాణ్ణి కాదు.

మూడో ఆదివారానికి క్లాసులో డౌట్లు ఆగిపోయాయి. క్వశ్చన్లు మాత్రం మొదలవలేదు. పాఠం అంత బాగా అర్థమవుతోందన్నమాట అని మురిసిపోయి, ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె ముప్పై ఏళ్లు చిన్న పిల్లల బళ్లో పంతులమ్మగా చేసింది.

“తొమ్మిది మందిల ఒక్కరు సుత అడుగుతలేరా?” అంది.

“అడిగే అవసరమే వస్తలేదు.”

“గట్లని ఎవలు చెప్పిండ్రు?”

ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఏమీ చెప్పకపోవడమే నా సాక్ష్యం. ఇటువంటి సాక్ష్యం ఏ బాబా శిష్యుడైనా తెచ్చి చూపిస్తే వేదిక మీదే చీల్చి చెండాడేవాణ్ణి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అన్నం తిని కూర్చున్న వేళ నర్సు ఫోన్ చేసింది. నాకు చెవి కాస్త మందం కాబట్టి స్పీకర్ పెట్టాను. మా ఆవిడ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“సార్, ఎనిమిదేండ్ల పిల్ల, జరంతోని వచ్చింది. సెలైన్ల ఎక్కియ్యాల్సిన మందు మేడం రాసిచ్చింది. చీటి మీద పిల్ల బరువు నలభై రెండు కిలోలని ఉన్నది. చూస్తె ఇరవై నాలుగు సుత డౌటే... మాఫ్ చేయుండ్రి సార్, గా మాట వచ్చింది.”

“పర్వాలేదు, చెప్పమ్మా.”

“అంకెలు తారుమారైనట్టున్నయ్. బరువును బట్టే మందు రాస్తరు గద. మేడం పక్క గదిలనే ఉన్నది. పోయి ఏమనాలె సార్? క్వెరీ అనాల్నా, క్లారిఫికేషన్ అనాల్నా?”

బుద్ధున్నవాడెవడైనా ఆ క్షణంలో ఏం చేస్తాడో పాఠకులకు చెప్పనక్కర్లేదు. నేను మాత్రం కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లకు ఒకరు తేడా పట్టించుకున్నారన్న సంతోషం నాది.

“చూడమ్మా, వివరం చాలనప్పుడు క్లారిఫికేషన్. అంకెల్లో తేడా ఉంది కాబట్టి ఇక్కడ క్వెరీ. మిస్‌గివింగ్ కూడా తప్పు కాదు, కాకపోతే అది కొంచెం పుస్తకాల భాష.”

“ఆగుండ్రి సార్, రాసుకుంటున్న.”

మా ఆవిడ చిక్కుడుకాయల చేత్తోనే ఫోన్ లాక్కుంది.

“బిడ్డా, పెన్ను కింద పెట్టు. మందు ఎక్కిచ్చినవా?”

“లేదమ్మా, నా చేతులనే ఉన్నది.”

“ఇగ ఎక్కియ్యకు. పిల్లను తోల్కొని మేడం తానికి పో. డాక్టర్, డౌట్ అను. చీటిల బరువు మీద వేలు పెట్టి చూపియ్యి. అంతే.”

“సార్ ఏమనుకుంటరో.”

“సార్‌ను నేను చూసుకుంట గని, నువ్వు పో.”

ఫోన్ ఆగిపోయింది. ఊరికే కూర్చోలేక నిఘంటువు తీశాను. ఆ పిల్ల ఏమైందో అందులో ఉండదని తెలుసు, అయినా తీశాను. డౌట్ దగ్గర, అన్ని అర్థాల కింద, ఈ దేశపు వాడుకలో ప్రశ్న అనే అర్థం కూడా ఉందని చిన్న అక్షరాల్లో ఉంది. ఉండక ఏం చేస్తుంది? సందేహాలుంటే అడగండి అని తెలుగు పంతుళ్లు ఎన్ని తరాలుగా అంటున్నారో. మనవాళ్లు తమ మాటనే ఇంగ్లిషులో పెట్టుకున్నారు. ఆధారం చూడకుండా తీర్పు ఇవ్వరాదని లోకానికి నీతులు చెప్పేవాణ్ణి, ఆ పేజీ ఒక్కసారి తిప్పి చూడలేదు.

పావుగంటకు ఫోన్ మోగింది.

“పిల్లను మళ్ల తూకమేసిండ్రు సార్. ఇరవై నాలుగే. మేడం డోసు తగ్గిచ్చి రాసింది. ఇప్పుడే ఎక్కిచ్చిన, మంచిగున్నది పిల్ల.”

“మేడం కోప్పడిందా?”

“లేదు సార్. మంచి పని చేసినవన్నది. ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. ఇగ నేను ఆదివారం రాను.”

“ఎందుకమ్మా?”

“మీరు మంచిగనే చెప్తరు సార్. గని క్లాసుకు రాక ముందు తప్పో ఒప్పో రెండు ముక్కలు నోట్లకెల్లి వస్తుండె. ఇప్పుడు గవ్వి సుత వస్తలెవ్వు. ముందటి లెక్కయితే చీటి చూడంగనే పోయి అడుగుతుంటి. ఇయ్యాల మీకు ఫోన్ చేసుకుంట నిలబడ్డ.”

ఎదుటివాడు వాక్యం ముగించేలోగా జవాబు సిద్ధం చేసుకునే అలవాటు నాది. ఆ రోజు మాత్రం ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాను. రమ్మని బతిమాలే హక్కు నాకు కనిపించలేదు. సరేనమ్మా అన్నాను.

ఆదివారం మిగతా ఎనిమిది మందీ వచ్చారు. చార్టు గోడ మీంచి పీకి చుట్ట చుట్టాను. దవాఖానలో ఏం జరిగిందో, నేను ఫోన్‌లో ఏం చెప్పానో దాచకుండా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఇదీ ఏదో పరీక్షేమోనన్నట్టు నా ముఖంకేసి చూశారు. ఇన్ని వారాల్లో అర్థంకానిది ఏదైనా సరే, ఏ మాటతోనైనా సరే అడగండి అన్నాను.

సెల్‌ఫోన్ల దుకాణమాయన నోట్‌బుక్ తీసి, అడగాల్సింది ఎక్కడుందో వెతుక్కుంటూ పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పి తిప్పి, మొదటి రోజు పాఠం రాసుకున్న మొదటి పేజీ దగ్గర ఆగాడు.