చేతుల మాటలు నేర్చిన పిల్ల

నా నోరు మంచిది కాదని కామత్‌ఘర్ గల్లీ అంతా అంటుంది. అననీ! కిరాణా దుకాణంలో కూర్చున్నదాన్ని, నోరు మూసుకుంటే బేరం సాగుతుందా? ఎదురు కార్ఖానాలో కండెలు చుట్టే మల్లవ్వకు మాత్రం నోట్లో నాలుక లేదు. పెళ్లైన కొత్తలోనే సిరిసిల్ల వైపు నుంచి మొగుడు కనకయ్య వెంట భివండీ వచ్చింది. అతను సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు, ఆమె ఆ షెడ్డులోనే నూలును కండెలకు ఎక్కిస్తుంది. ఆర్తి పుట్టాక ఇంట్లో చూసుకునే పెద్దదిక్కు ఎవరున్నారు? కండెల మిషన్ వెనకే చీరతో ఉయ్యాల కట్టింది.

సాంచాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకే కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. వేళ్లు నోటి దగ్గర పెడితే అన్నం, అరచేయి చూపితే ఆగు. ఆర్తి నడక కంటే ముందు ఆ సైగలే నేర్చింది. చేయి ఊపితే చాలు, పరుగెత్తుకొచ్చేది. అంత మోతలో ఉలిక్కిపడకుండా నిద్రపోతుంటే, "బంగారు తల్లి, సతాయించనే సతాయించది" అని కార్ఖానా అంతా మురిసిపోయింది.

"మాటలు ఇంకా రాలేదేందే?" అని నేను అడిగితే, "వాళ్ల నాయినకు గూడ లేటుగనే వచ్చినయట అక్కా" అనేది మల్లవ్వ. పిల్ల చెవుల్లోంచి చీము కారినప్పుడల్లా వెల్లుల్లి నూనె వెచ్చచేసి పోసేది. ఊళ్లో ఉంటే ఇల్లిల్లూ తిరిగే ఆశా వర్కరమ్మ అయినా గుమ్మంలోకి వచ్చి అడిగేది. ఇక్కడ వీళ్లు ఒక అద్దె ఖోలీ నుంచి ఇంకో ఖోలీకి మారుతూ పోయారు, పిల్ల సంగతి అడిగే దిక్కు లేకపోయింది.

సాంచాలు బంద్ ఉన్న ఒక రోజు మల్లవ్వ పప్పు కోసం నా దుకాణానికి వచ్చింది. నాలుగేళ్ల ఆర్తి గల్లీ మధ్యలోకి నడిచింది. వెనక షేర్ ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నా తిరగలేదు. వాడు బ్రేకు తొక్కి బూతులందుకున్నాడు. మల్లవ్వ ఉరికి పిల్లను లాక్కొచ్చి వీపు మీద ఒక్కటేసింది.

"ఎంత మొండిదో సూడక్కా!"

నాకెందుకో అనుమానం వచ్చింది. పిల్ల వెనక నిలబడి తూకం పళ్లాన్ని నేలకేసి కొట్టాను. గల్లీలో పడుకున్న కుక్క లేచి పారిపోయింది. ఆర్తి మాత్రం కళ్లు తుడుచుకుంటూ బిస్కట్ల సీసాకేసి చూస్తోంది.

"మల్లవ్వా, పిల్లకు ఇనొస్తలేదే!"

"ఏందక్కా గట్లంటవు? సాంచల మోతల పెరిగింది. చిన్న చప్పుళ్లు దానికి ఒక లెక్కనా?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నానా తిట్లూ తిట్టి, నేనే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చీముతో రెండు కర్ణభేరులూ చెడిపోయాయంది డాక్టరమ్మ. లోపలి వినికిడి కూడా చాలావరకు లేదట. చీము చేసిందో, సాంచాల మోత చేసిందో, ఇప్పుడు తేల్చి చెప్పలేనంది. ముందే తెస్తే ఎంతో మేలుండేదట. చీము ఆరాక చెవికి వినికిడి మిషన్ పెడితే కొంత వినిపించవచ్చు, మాటలు వస్తాయో రావో చెప్పలేమంది. ఆ హిందీని నేనే మల్లవ్వకు తెలుగులో చెప్పాను.

మల్లవ్వ నా కొంగు పట్టుకుంది. "అక్కా, కన్నతల్లిని, ఒక్కసారి నన్ను అవ్వా అని పిలిస్తే సాలు. ఇంకేం అడుగ."

చీము ఆరింది. మిషన్ పెట్టిన రోజు కూడా నేనే వెంట పోయాను. డాక్టరమ్మ ఆర్తిని తల్లికి ఎదురుగా నిలబెట్టి, "పేరు పెట్టి పిలువు, చేతులు మాత్రం ఆడించకు" అంది. మల్లవ్వ నోరు తెరిచింది. మాట కంటే ముందు చేయి లేచింది. మళ్లీ చెప్పినా అంతే. చివరికి, "చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమ్మా" అంది డాక్టరమ్మ.

మల్లవ్వ అట్లాగే కూర్చుంది. "ఆర్తీ... ఓ ఆర్తీ... ఇటు సూడు బిడ్డా..." ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. పిల్ల తల్లి ముఖం వైపు చూడనే లేదు. ఒడిలో చేతుల కోసం వెతికింది. అవి కనబడకపోయేసరికి, అవ్వ తనతో మాట్లాడడం మానేసిందనుకుందేమో, పెదవులు వణికి భోరుమంది. మల్లవ్వ ఏడుస్తూనే పిలుస్తోంది. ఆర్తి ఆమె తొడల కింద చిన్న వేళ్లు దూర్చి ఆ చేతులను బయటికి లాగుతోంది.