మూడు బస్తాల కొలత

గాజువాకలో సుందర్ రాజు షెడ్డు స్ప్రింగులకి పెట్టింది పేరు. లారీ కింద పట్టీలు పేర్చి బిగించే కమాన్‌కట్టలు ఎవడైనా కడతాడు. కారు ముందు చక్రాల దగ్గర చుట్టలు చుట్టుకుని ఉండే స్ప్రింగుల మర్మం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఈయనొక్కడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అక్కడే వచ్చింది తంటా.

ఫియట్ ముందు భాగం మెత్తబడింది, గోతిలో దిగితే ధడేల్‌మంటోంది అని ఎవరైనా వస్తే, పాతసామాన్ల కుప్పలన్నీ గాలించి అంతకన్నా గట్టి స్ప్రింగులు ఏరి తెచ్చేవాడు. ఎంత గట్టివో కొలవడానికి మిషనెక్కడిది? రెండు ఇనప గొట్టాల మధ్య స్ప్రింగు నిలబెట్టి, పైన చెక్క వేసి, చెక్క మీద మూడు ఇసక బస్తాలు పేర్చేవాడు. ఎంత దిగిందో పక్కనున్న కర్ర మీద సుద్దతో గీత గీసేవాడు. ఒకే ఎత్తున్న రెండు స్ప్రింగులు ఒకే గీతకి దిగితే అవి జోడీ. అలా పదకొండేళ్ళు కొలిచాడు. ఎవరూ వంక పెట్టలేదు.

ఎనభైమూడులో కూర్మన్నపాలెం నుంచి దొరబాబు తన ఫియట్ తీసుకొచ్చాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటు పనులకి కూలీలని సప్లై చేసే కంట్రాక్టరు. డంపర్లు తిరిగి తిరిగి ఆ రోడ్లు దున్నిన చేలయిపోయాయి. "మా అమ్మకి నడుం పోతోందయ్యా, కాస్త గట్టివి వెయ్యి. మరీ బండలు మాత్రం వెయ్యకు," అన్నాడు. ఎడం పక్కకి సరైన స్ప్రింగు వారంలో దొరికింది. బస్తాలెక్కించి గీత గీశాడు. దానికి జోడీ దొరకడానికి మరో మూడు వారాలు పట్టింది. ఆ మధ్యలో గాలీ వానా వచ్చి షెడ్డు మీద రేకొకటి ఎగిరిపోయింది. రేకు మళ్ళీ బిగించి, రెండోది కొలిచి, గీత సరిపోయిందని రెండూ కారుకి ఎక్కించాడు.

పది రోజులకి దొరబాబు డ్రైవరు గవర్రాజు షెడ్డుకొచ్చాడు. పద్మనాభం అనే ఊరివాడు. మాట మెత్తన, బండి మీద చెయ్యి అంతకన్నా మెత్తన.

"బావా, బండి ఎడం పక్కకి వొరుగుతంది. బ్రేకేత్తే అటే లాగుతంది. ఓపాలి సూడు," అన్నాడు.

సుందర్ రాజుకి ఒళ్ళు మండింది. తన స్ప్రింగు ఒరగడమా! కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. వేలెడు ఒరుగు కళ్ళకి కనిపిస్తూనే ఉంది. అయినా ఏమన్నాడో తెలుసా? "నా స్ప్రింగు నిక్షేపంలాగుంది. ఏ గోతిలోనో పడేసుంటావు. లేకపోతే ఎడం సీట్లో ఎవుల్నో ఎక్కించి తిప్పుతన్నావు." జాకీ పెట్టలేదు. చక్రం విప్పలేదు. కర్ర ముట్టుకోలేదు. నోరు మాత్రం విప్పాడు.

ఆ మాట దొరబాబు చెవిన పడింది. డ్రైవరు దొంగబేరాలు ఎక్కిస్తున్నాడని ఆయనకి ముందే ఓ అనుమానం. "నిప్పు లేకుండా పొగొస్తుందా?" అని సాయంత్రానికల్లా తాళాలు లాక్కున్నాడు. గవర్రాజు పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరిక్కావాలి డ్రైవరు ఒట్టు! పేదవాడి కోపం పెదవికి చేటని ఊరికే అన్నారా? నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. దొంగ డ్రైవరని పేరు పడ్డాక గాజువాకలో స్టీరింగెవరిస్తారు? ఫిషింగ్ హార్బరుకి పోయి ఐసు గంపలు మోశాడు.

ఫాల్గుణ మాసంలో దొరబాబు కొత్త డ్రైవరు అదే కారు తెచ్చాడు. ఇతగాడూ ఒరుగుతోందనే అన్నాడు! వెనకాలే దొరబాబు రిక్షాలో వచ్చి, "ఆ గవర్రాజుగాడు బండిని అప్పుడే పాడుచేశాడు, సరిచెయ్యి," అన్నాడు. ఈ సంగతి ఎలా తెలిసిందో ఏమో, గంట తిరక్కుండా గవర్రాజు పెళ్ళాం వరహాలమ్మ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఏటన్నయ్యా, కొత్తాయన కూడా ఎడం సీట్లో ఎవుల్నో ఎక్కిత్తన్నాడేటి? మరీయన తాళాలు లాక్కోరేం?" అంది. గొంతు బజారంతా వినిపించింది. "బస్తాలేసి కొలుత్తావంట గదా. అందరి ముందూ కొలువు. మా ఆయన తప్పయితే నానే నీ కాళ్ళట్టుకుంతాను. నీ తప్పయితే ఏటి సేత్తావో నువ్వే సెప్పు."

"నా కొలతకే వంకా? రా, సూద్దువుగాని!" అని సుందర్ రాజు రంకెలేస్తూ కారు దిమ్మల మీద నిలబెట్టాడు. చక్రాలూడదీశాడు. రెండు స్ప్రింగులూ బయటికి లాగాడు. టీకొట్టు దగ్గర జనమంతా మూగారు. ఎడందాన్ని నిలబెట్టి బస్తాలెక్కించి గీత గీశాడు. తరవాత కుడిది పెట్టి, మూడో బస్తా కూడా ఎక్కించి, ఛాతీ విరుచుకుని కర్ర వైపు చూశాడు.

స్ప్రింగు గీతదాకా దిగలేదు. గోరంత పైనే ఆగిపోయింది.

"గోరంతే గదా," అన్నాడెవడో. గోరంతేమిటి! మూడు బస్తాలకి గోరంత తేడా ఉంటే ఇంజిను బరువంతా మీద పడ్డాక కారు దగ్గర వేలెడు అవుతుంది. అది సుందర్ రాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. బస్తాలు దింపి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అంతే. ఎడందానికన్నా కుడిది గట్టిది. జోడీ కాని జోడీ వేశాడు. బండి మెత్తటి పక్కకి ఒరగక ఏం చేస్తుంది?

"అప్పుడు సరిపోయింది. గీత సరిపోయింది. నా కళ్ళతో సూసేను," అని గొణిగాడు.

భార్య జయమణి ఇంట్లోంచి వచ్చి అప్పటిదాకా చూస్తూనే ఉంది. "ఇప్పుడు మూడు బస్తాలూ నువ్వొక్కడివే ఎత్తేవు. ఆయేళ వాన ఎలిసేక ఇద్దరం పట్టుకుని ఎత్తలేక సచ్చేం. నా నడుం పట్టేసింది. బస్తా బరువెక్కిందయ్యా అంటే, ఇసక్కి బరువెలా ఎక్కుతాది, నీ ముసిలితనం అన్నావు," అంది.

సుందర్ రాజు బస్తా తిప్పి చూశాడు. గోనె మీద నీళ్ళ చారలు. ఊడిపోయిన రేకు కిందే ఉండేవి బస్తాలు. తడిసిన ఇసక నీళ్ళు తాగి బరువెక్కింది. ఆ బరువుకి గట్టి స్ప్రింగు కూడా పాత గీతకే దిగింది. ఎడందాన్ని పొడి ఇసకతోటీ, కుడిదాన్ని తడి ఇసకతోటీ కొలిచి, రెండూ మూడు బస్తాలేనని మురిసిపోయాడు. పదకొండేళ్ళ పేరు గంగలో కలిసింది. పేరు పోతే పోనీ. ఓ మనిషి తిండి కూడా తీసేశాడు.

"తప్పు నాదే," అన్నాడు, జనమంతా వినేలా. "గవర్రాజుది ఈసమెత్తు తప్పు నేదు."

దొరబాబు వాచీ చూసుకున్నాడు. "సర్లే, అయిందేదో అయింది. సరైన స్ప్రింగేసి పంపు. నాకు సైట్లో పనుంది."

"మరి గవర్రాజు సంగతేటి బాబుగారూ?" అన్నాడు సుందర్ రాజు.

"వాడి సంగతేంటి? వాడే ఊరుకున్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

ఎంత మాటన్నాడండీ పెద్దమనిషి! సుందర్ రాజు కోపమంతా అప్పటిదాకా తన పేరు కోసం. ఆ క్షణాన మటుకు అది మరో దారి పట్టింది. "ఆ కందని తరిగేసింది మనిద్దరమే గదండీ," అన్నాడు. చక్రాల నట్లన్నీ ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. "దొంగ అని పదిమందిలో అన్నారు. కాదని పదిమందిలోనే అనాలి. మీరు నాతో హార్బరుకొచ్చి ఆ మాట అనేదాకా ఈ బండి దిమ్మలు దిగదు."

దొరబాబు అరిచాడు. పోలీసులన్నాడు. జనంలో ఒక్కడూ కదల్లేదు. వరహాలమ్మ అసలే కదల్లేదు. చివరికి సిటీ బస్సెక్కారు ముగ్గురూ. చేపల బుట్టల మధ్య నిలబడి, తెల్లపంచె ఎత్తిపట్టుకుని వచ్చాడు దొరబాబు.

గవర్రాజు జెట్టీ మీద ఐసు గంప దింపుతున్నాడు. బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతూ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. దొరబాబు చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, గొంతు సవరించుకుని, "నీ తప్పేం లేదయ్యా. స్ప్రింగుదే తప్పు. రేపణ్ణించి వచ్చెయ్," అన్నాడు.

గవర్రాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాను రానండి," అన్నాడు.

వరహాలమ్మ ఏదో అనబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు. సుందర్ రాజు ముందుకొచ్చి చేతులు రెండూ పట్టుకున్నాడు. "నన్ను సూసి రా బావా. నానే గదా సెడగొట్టేను. నానే సరిసేత్తాను."

"స్ప్రింగు సరిసేత్తావు బావా. నాకు తెలుసు," అన్నాడు గవర్రాజు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "ఇనప ముక్క మాట నమ్మొచ్చో నేదోనని మూడు బస్తాలెక్కించి సూసేవు. నాను నీ షెడ్డుకొచ్చి సెప్పినపుడు నా మాట మీద పిడికెడు ఇసకైనా ఎయ్యలేదు."

ఖాళీ గంప తీసుకుని ఐసు ఫ్యాక్టరీ వైపు నడిచాడు. సుందర్ రాజు అక్కడే నిలబడిపోయాడు. జేబులో నట్ల బరువుకి చొక్కా ఓ పక్కకి వేలాడుతోంది. పక్కన దొరబాబు, వచ్చిన పని అయిపోయినట్టు, తిరుగు బస్సెప్పుడని అడుగుతున్నాడు.