కాటా కొక్కేనికి అంటిన రంగు

మొన్న హనుమాన్ జంక్షన్ షెడ్డులో మెకానిక్ నా కారు ఎడమ తలుపును ఒక్కసారి ఊపి చూసి, "జారిపోయిందండీ, తలుపు మొత్తం మార్చేయాల్సిందే" అని తేల్చేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కిందటి వారం కారు తీసుకెళ్ళిన మా బాబాయి కొడుక్కి అక్కణ్ణుంచే ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టి, తలుపును తాడుతో కట్టుకుని ఇంటికి బయలుదేరాను. దారి పొడుగునా గుర్తొచ్చింది మాత్రం వాడు కాదు, పోయిన మా బాబాయి.

మన ఈడు వాళ్ళకు అప్పటి కార్లు గుర్తుండే ఉంటాయి. రెడ్డిగూడెం దగ్గర బాబాయికి మామిడితోటా, గోధుమరంగు కారూ ఉండేవి. ఆ కారుకు నేను డ్రైవర్ని. అదెంత పొడుగంటే, ముందు సీట్లో వాన పడుతుంటే వెనక సీట్లో ఎండ కాసేది. నేనిలాంటివి చెబుతుంటే కోత కూలీలు బుట్టలు దింపి మరీ వినేవాళ్ళు. ఆ నోటిదూలే నా కొంప ముంచింది.

ఒక కోతల రోజు నేను అన్నం తిని వచ్చేసరికి కారు తలుపు కిందికి వాలి, ఎంత బాదినా పడటంలేదు. బాబాయి అందరి ముందూ, "తలుపు పట్టుకు వేలాడుతూ కథలు చెప్పావుగా వెధవా!" అని తాళాలు లాక్కున్నాడు. నాకున్న పని అదొక్కటే. రోషంతో జాకీ మీద చెక్క, దాని మీద గోనెసంచి వేసి, తలుపును కాస్త పైకి లేపి, అరిగిన కీలు పిన్ను మార్చి, బోల్టులు బిగించాను. తలుపు టక్కున పడింది.

అప్పుడు కనిపించింది, తలుపు పైఅంచున లోతైన గీత. కాయ ఉన్న కొమ్మకు కాటా కట్టడం మావాళ్ళకు అపచారం. అందుకని బాబాయి తెరిచిన తలుపుకే కాటా తగిలించి బుట్టలన్నీ తూచేశాడు! కాటా కొక్కేనికి గోధుమరంగు అంటుకునే ఉంది. తూకం దగ్గరున్న మేస్త్రి తల దించుకున్నాడు.

"బాబాయ్, ఈ రంగు చూడు!"

"నీ కథలు ఆపరా. కార్లో వాన కురిపించినోడివి, కొక్కేనికి రంగు పుయ్యలేవా?"

కూలీలంతా నవ్వారు. తాళాలు మళ్ళీ నా చేతికి రాలేదు. ఆ తలుపు మాత్రం ఆయన పోయేదాకా నా మరమ్మతుతోనే పడింది. ముప్పై ఏళ్ళయినా తలుచుకుంటే పళ్ళు పటపటలాడతాయి.

ఇంటికి చేరి, అదే పద్ధతిలో జాకీ పెట్టి నా కారు తలుపు ఎత్తాను. పైఅంచున గీత! అంతకు నాలుగు రోజుల ముందు తోటలో నాలుగు బుట్టలు తూచిన నా కాటా తెచ్చి చూస్తే, కొక్కేనికి నా కారు తెల్లరంగు.

సిగ్గు చంపుకుని తమ్ముడికి ఫోన్ చేశాను. "తప్పు నాదేరా. కాటా నేనే తగిలించాను."

"ఊరుకో అన్నయ్యా, తిట్టేసి ఇప్పుడు నన్ను ఓదార్చడానికి కొత్త కథ కట్టావా?"

ఇప్పటి కాటాల్లో అంకెలు ఎర్రగా వెలుగుతాయి, తలుపు జారితే బాగుచేసే ఓపిక ఎవరికీ లేదు, నా మాట నమ్మేవాళ్ళు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. బాబాయి మీద కోపం తగ్గిందా అంటే, లేదు. ఇన్నేళ్ళూ ఆయనొక్కడి కోసమే దాచిన దాన్ని ఇకనుంచి ఆయనా నేనూ పంచుకోవాలి, అంతే.