పుస్తెలతాడుకు తాళంచెవి

కలుపు తీయడానికి వంగితే తిమ్మక్క మెడలో చిన్న చప్పుడవుతుంది. పుస్తెలతాడుకు నాలుగు పిన్నీసులు, వాటి పక్కన ఇనప్పెట్టె తాళంచెవి. మాట్లాడుతున్నా, ఊరికే నిలబడ్డా ఆమె వేళ్లు దాన్నే తడుముతుంటాయి. ఆ పెట్టెలో, వడ్డేపల్లిలోని తల్లిగారింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల పాసుబుక్కు ఉంటుంది. ఇంట్లో ఆమె పేరున ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆ రోజు పత్తిచేను నుంచి వచ్చేసరికి పెట్టె తాళం పగిలి గడప దగ్గర పడి ఉంది, లోపల పాసుబుక్కు లేదు. మొగుడు భీమన్న, తాను కట్టిన తాడుకే వేలాడుతున్న తాళంచెవిని అడిగే మర్యాద కూడా లేకుండా గడ్డపార పెట్టాడు. తిమ్మక్క చేతుల మట్టి కడుక్కోకుండానే సడక్ మీద అతను రోజూ కూర్చునే చాయ్ హోటల్‌కు పోయింది. పాసుబుక్కు భూముల దళారి చేతిలో ఉంది. "నా పెట్టె ఎవర్నడిగి పలగ్గొట్టినవ్?" భీమన్న చాయ్ ఊదుకుంటూ, "గట్ల ఒర్రుతవేందే? మొగుడు పెండ్లాల నడుమ నీది నాది ఏముంటది?" అన్నాడు. "నేనొచ్చి ఏలిముద్ర ఎయ్యకుంటే గుంట భూమి గూడ కదలదు, ఎరికేనా? సరే, నీది నాది లేదంటివి గద. నీ ఫోన్ ఇటియ్యి. లాక్ తియ్యి. అందరి ముంగట సూస్త." భీమన్న చెయ్యి చప్పున ఫోన్ ఉన్న అంగీ జేబును గట్టిగా పట్టుకుంది. "గది నీది," అంది తిమ్మక్క ఆ జేబును చూపిస్తూ. దళారి చేతిలోంచి పాసుబుక్కు గుంజుకుంది. "గిది నాది."