చూడని దూలాలు

సింగపూర్ బూన్ లే ప్రాంతంలో మా ఆఫీసు కింది అంతస్తులో ప్యాకింగ్ పెట్టెలు చేసే కార్ఖానా ఉంది. నిన్న మధ్యాహ్నం వాన వెలిశాక అక్కడ తడిసిన చెక్కను రంపానికి పెట్టారు. మరిగి మరిగి నల్లబడ్డ టీ డికాక్షన్‌లాంటి వగరు వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. మా కుర్రాళ్ళు తలుపు మూశారు. నేను చేస్తున్న లెక్క ఆపి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసనకు నాకు సుగుణ మేడమ్ గుర్తొస్తారు. ఆవిడతో పాటు, మేమిద్దరం ఎన్నడూ అడుగు పెట్టని ఒక ఇంగ్లండు రైతు ఇల్లు గుర్తొస్తుంది.

మేడమ్ పాత కట్టడాల బలాన్ని లెక్కగట్టే ఇంజనీరు. పుట్టింది కాకినాడ దగ్గర, స్థిరపడింది సింగపూర్‌లో. నేను కడప నుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చినవాణ్ణి. కాలేజీ మెట్లెక్కలేదు. బరువు పడితే దూలం ఎంత వంగుతుందో పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. నా మొదటి లెక్క చూసి ఆవిడ, "ఆన్సర్ కరెక్టే. దీన్ని నమ్ముతున్నావా?" అన్నారు. "సరిపోయింది కదా మేడమ్" అన్నాను. "సరిపోవడం వేరయ్యా. ఆ దూలం కింద మీ పాపని పడుకోబెడతావా?" ఆ సాయంత్రం లెక్క మళ్ళీ మొదటినుంచి చేశాను. అంకె మారలేదు గానీ, దాన్ని చూసే నా చూపు మారింది.

ఇంగ్లండు నుంచి పాత ఇళ్ళ కొలతలు మాకు వస్తుండేవి. మేం లెక్క చేసి పంపేవాళ్ళం. ఆ రైతు ఇల్లు అలాగే వచ్చింది. నాలుగు వందల ఏళ్ళకు పైబడిన ఓక్ కలప చట్రం. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, మధ్య ఖాళీల్లో తడికలు అల్లి మట్టి మెత్తిన గోడలు. ఇనుప మేకు ఒక్కటి లేదు, అతుకు అతుక్కీ చెక్క చీలలే. ఫొటోల్లో వాసాలు మసి పట్టి ఉన్నాయి. పొగగొట్టం కట్టకముందు ఇంటి నడుమ నేల మీదే మంట వేసేవారని ఆ మసి చూసి మేడమ్ చెప్పారు. నాకు మాత్రం కొలతలు చూస్తే తల తిరిగింది.

"ఒక్క మూలా మట్టంగా లేదు మేడమ్."

"కట్టినవాళ్ళలో మీ కడపవాళ్ళు ఉండుంటారు. ఒకడు గీసిన గీత ఇంకొకడు ఒప్పుకోడుగా."

"మీ కాకినాడ వాళ్ళయితే టిఫిన్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు మేడమ్, ఇల్లు లేచేది కాదు."

ఆవిడ చాలాసేపు నవ్వారు. తర్వాత ఎవరినో అడిగి ఓక్ చెక్క ముక్క తెప్పించి, టీ కప్పులో నీళ్ళు పోసి నానబెట్టి నా ముక్కు దగ్గర పెట్టారు. "వాసన చూడు. దీన్ని పచ్చిగా ఉన్నప్పుడే కోసి కట్టేవారు. గోడల్లోనే ఎండి, మెలితిరిగి, ఒకదాన్నొకటి బిగించుకుంది. వంకర దాని జబ్బు కాదయ్యా, దాని పట్టు."

జబ్బు వేరే చోట ఉంది. ఆ ఇంట్లోనే పుట్టి ఒంటరిగా మిగిలిన ఒక పెద్దావిడ దాని యజమాని. వాళ్ళ నాన్న ఇల్లు చల్లగా ఉండకూడదని, పది కాలాలు నిలవాలని ప్రేమగా బయట అంతా సిమెంటు పూయించాడు. మట్టి, సున్నం తడిని బయటికి వదులుతాయి. సిమెంటు వదల్లేదు. లోపల చిక్కుకున్న నీరు స్తంభాల పాదాల దగ్గరి దూలాల్లోకి దిగింది. అక్కడి మనుషులు సన్నని సూదితో రెండు మూడు చోట్ల తొలిచి చూసి, చెక్క పిండి అయిందన్నారు. ఇంకా కొన్నిచోట్ల తొలవమని మేడమ్ రెండుసార్లు అడిగారు. ఇంటి బీమాకు రిపోర్టు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడిందని వాళ్ళు ఒప్పుకోలేదు.

వీడియో కాల్‌లో ఆ పెద్దావిడ ఒకటే అడిగింది, ఈ శీతాకాలం నేను నా ఇంట్లో ఉండొచ్చా అని. మేడమ్ మైకు ఆపి నావైపు తిరిగారు.

"ఏమంటావు?"

"వాళ్ళు రాసిచ్చిన చెక్క బలంతో లెక్కేస్తే నిలవదు మేడమ్. లోపలి చెక్క గట్టిదనుకుంటే నిలుస్తుంది."

"అనుకుంటే," అని ఆవిడ ఆ మాటనే తిరిగి అన్నారు. "ఆవిడ పడుకునేది ఆ చట్రం కిందే కదా."

ఉండకూడదని చెప్పి సంతకం పెట్టారు. మరమ్మతు ఆ పెద్దావిడ శక్తికి మించిన పని. ప్రభుత్వ రక్షణ జాబితాలో లేని ఇల్లు కాబట్టి అడ్డు చెప్పేవారూ లేరు. వసంతంలో ఇల్లు విప్పేశారు. కోసిన దూలాల ఫొటోలు పంపించారు. బయట వేలి మందం నల్లటి పిండి, లోపలంతా తేనెరంగులో గట్టి చెక్క. రంపం పళ్ళు అరిగిపోయాయని రాశారు. ఇల్లు మరో రెండు తరాలు నిలిచేది. మేడమ్ ఫొటోను పెద్దది చేసి చూశారు, మళ్ళీ చిన్నది చేశారు. ఆ పెద్దావిడ వృద్ధాశ్రమంలో చేరిందని, తర్వాత ఎక్కువ కాలం లేదని విన్నాం.

మేడమ్ ఆ ఏడాదే పని మానేశారు. యీషున్‌లో వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్తే కాఫీ ఇచ్చేవారు, మా పాప చదువు అడిగేవారు, పని ఊసు రానిచ్చేవారు కాదు. ఒక్కసారే నేను నోరు జారాను. "మీ తప్పు లేదు మేడమ్. మనకిచ్చింది అంతే."

"తప్పుంటే బాగుండేదయ్యా. దిద్దుకునేదాన్ని," అన్నారు. "అవే అంకెలు రేపు మళ్ళీ వస్తే మళ్ళీ అదే సంతకం పెట్టాలి. ఇంకో ఇల్లు పోతుంది. దీన్ని ఏం చేసుకోను?"

ఆవిడ ఇప్పుడు లేరు. నేను ప్రతి రిపోర్టులో లెక్క కంటే ముందు, ఏ దూలాన్ని మేం చూడలేదో రాస్తున్నాను. క్లయింట్లు ఆ పేజీ తిప్పేస్తారని మా కుర్రాళ్ళంటారు. నిజమే. ఆ పేజీ ఏ ఇంటినీ నిలబెట్టలేదు. చివర లెక్క సరిచూశానని నా పొడి అక్షరాలు వేయాల్సిన చోట చేయి ఆగుతుంది. కాసేపు ఆగి, వేస్తుంది.