పసుపు చీటీ పెట్టెలు

ఎలుకల గదిలోకి వెళ్లాలంటే చెప్పులు మార్చుకోవాలి, చేతులు కడుక్కోవాలి, నెత్తిన టోపీ పెట్టుకోవాలి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఆ చివరిది నాకు కష్టం, పిన్నికి ఇంకా కష్టం. ఆమెను ఆ భవనంలో అందరూ పిన్ని అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. ఎలుకలకు తిండీ నీళ్లూ పెట్టడం, పెట్టెల్లో రంపపు పొట్టు మార్చడం ఆమె పని. పెట్టెలకున్న యంత్రాలు చెడిపోతే బాగుచేయడం నా పని. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం నవ్వుతుంది గానీ, మా దగ్గర ఎలుకను పట్టుకుని కొండను తవ్వుతారు.

ఇదివరకు ఎలుకను తోక పట్టి ఎత్తి, కొత్త చోట దింపి, అది ఏం చేస్తుందో చూసేవారు. చెయ్యి తగలగానే సగం ఎలుకలు బిగుసుకుపోయేవి. భయపడ్డదాన్ని పట్టుకుని తెలివితక్కువది అంటే ఎలా? అందుకే పరీక్షను ఎలుక ఉండే పెట్టెలోకే తెచ్చారు. గోడకు మూడు రంధ్రాలుంటాయి. ఒక్కదాంట్లోనే తీపినీళ్ల చుక్క వస్తుంది. అదేదో ఎలుక గుర్తుంచుకోవాలి. ముక్కు ఎక్కడ పెట్టిందో కంటికి కనపడని కిరణం కనిపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. పిన్ని తప్ప మనిషన్నవాడు లోపలికి అడుగుపెట్టనక్కర్లేదు.

ఇప్పుడున్నవి మతిమరుపుతో పుట్టించిన ఎలుకలు. సగం వాటికి కొత్త మందు, సగం వాటికి ఉత్త ఉప్పునీళ్లు. పెట్టెల మీద పసుపు చీటీలు కొన్ని, నీలం చీటీలు కొన్ని. ఏ రంగు మందో మా భవనంలో ఎవరికీ తెలియదు, పరిశోధన నడిపే పెద్ద మేడమ్‌కు కూడా. ఆ గుట్టు మందు తయారుచేసే చోటే ఉంది. తెలిస్తే ఎవరి మనసు ఎటు మొగ్గుతుందో అని ఆ జాగ్రత్త.

పిన్నికి ఆ మందు మీద అందరికంటే ఎక్కువ ఆశ. ఆమెను పెంచింది వాళ్ల అక్క, మా పక్క వీధిలో దర్జీ. ఇప్పుడు ఆ అక్క చొక్కాకు చేతులు కుట్టబోయి రెండూ ఒక పక్కనే కుడుతోంది. మా ఇద్దరిదీ ఒకే దారి కాబట్టి సాయంత్రం పిన్నిని నా బండి మీదే దింపుతాను. గుమ్మంలోనే ఆ అక్క రోజూ ఒకే మాట అడుగుతుంది, ఎలుకలకు గుర్తొస్తోందా అని. వస్తోందక్కా, అంటుంది పిన్ని. అది విని ఆమె ముఖం విచ్చుకోవడం నేనూ చూశాను.

నిజంగానే పసుపు చీటీ ఎలుకలు దూసుకుపోతున్నాయి. మేడమ్ నడకే మారిపోయింది. మర్నాడు ఫోన్ చేసి గుట్టు విప్పించుకుంటామని ఆమె ప్రకటించిన రోజునే ఒక పసుపు పెట్టెలో కిరణం పనిచేయడం మానేసింది.

వెళ్లి మూత తీశాను. ఎలుక దూరి పడుకునే చిన్న ఎర్ర డబ్బా ఒక మూల ఉంటుంది. అందులోంచి ఏదో పోగు బయటికి వచ్చి కిరణానికి అడ్డం పడింది. లాగితే మెత్తటి కాగితం. నమిలి, చీల్చి, గుండ్రంగా పరుచుకున్న పక్క. ఈ పెట్టెల్లో కాగితం పెట్టకూడదన్నది మొదటి నియమం. పక్క పెట్టెలో చూశాను, ఉంది. ఆ పక్కదాంట్లోనూ ఉంది. నీలం చీటీల వైపు వెళ్లాను. ఒక్కదాంట్లోనూ లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వెనక్కి తిరిగితే పిన్ని. చేతిలో పొట్టు బకెట్, ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"వాటికి చలేస్తుందేమోనని," అంది.

"నీలం వాటికి వెయ్యదా?"

ఆమె బకెట్ కింద పెట్టింది. "పసుపే మందనిపించింది నాకు. ఎందుకో అలా అనిపించింది. రేపు మా అక్క తాగబోయేదే ఇవ్వాళ ఇవి తాగుతున్నాయి కదా. సొంతవాళ్లలా అనిపించాయి నాయనా."

నేను గొంతు తగ్గించి అడిగాను, మెత్తటి పక్కలో వెచ్చగా పడుకుని లేచిన ఎలుక హుషారుగా ఉండదా, మరి ఇప్పుడు గుర్తొస్తున్నది మందు వల్లో పక్క వల్లో ఎవరు చెప్పగలరని. ఆమె ఆ మాట అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు. అనుకున్నాక గోడకు చేరగిలబడింది.

"మేడమ్‌కు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

సాయంత్రం ఎప్పటిలాగే నా బండెక్కింది. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఉద్యోగం పోతుంది, మందు కూడా పోతుందని ఆమె భయం. చెప్పకపోతే ఉత్త కాగితం చేసిన పని మందు పేరున చలామణీ అయి, చివరికి అక్క నోట్లోనే పడుతుంది. గుమ్మంలో అక్క అలవాటు మాటే అడిగింది. పిన్ని చెప్పులు విప్పుతూ వినపడనట్టు ఊరుకుంది. అక్క ఆ రోజు ఇంకో మాట కలిపింది. "అయితే నాకెప్పుడిస్తారే?"

నేను అక్కడ నిలబడలేక బండి తిప్పేశాను.

మర్నాడు మేడమ్ ఫోన్ అందుకునేసరికి పిన్ని ఆమె బల్ల ముందుంది, పక్కన నేను. మొత్తం చెప్పేసింది, ఏడవకుండా. ఎప్పుడూ పిన్నీ, నువ్వు అనే మేడమ్, "మీరు ఎప్పట్నుంచి చేస్తున్నారీ పని?" అంది. ఆ "మీరు" చెంపదెబ్బలా తగిలింది.

"మొదట్నుంచీ."

మనిషి చెయ్యి పడకూడదని తెచ్చిన పెట్టెల్లోనే చెయ్యి పెట్టారు, ఈ విడత మొత్తం చెత్తబుట్టకే, అంది మేడమ్. ఇక దాచేదేముందని ఫోన్ చేసింది. విన్నది. ఫోన్ మెల్లగా కింద పెట్టింది.

"పసుపు ఉప్పునీళ్లు. మందు నీలానిది."

నాకు లెక్క అర్థం కావడానికి కాస్త పట్టింది. ఉత్త ఉప్పునీళ్లు తాగిన ఎలుకలు కాగితం పక్క మీద పడుకుని మందును ఓడించాయి. మేడమే అంది, "మీరు నోరు మెదపకపోతే ఈ పూటే ఆ మందును పనికిరాదని తీసి పారేసేదాన్ని." కొత్త ఎలుకలతో మొదటికొచ్చి చూడాలి, పనిచేస్తుందో లేదో ఇప్పటికి దేవుడికే ఎరుక. పిన్ని ఉద్యోగం పోలేదు గానీ ఎలుకల గది పోయింది. ఖాళీ పెట్టెలు కడిగే చోటికి పంపారు. పసుపు ఎలుకలను ఏం చేస్తారని ఆమె అడగలేదు. అడక్కుండానే తెలుసు.

సాయంత్రం గుమ్మంలో అక్క అడిగింది. ఈసారి పిన్ని ఆమెను కూర్చోబెట్టి, కాగితం దగ్గర్నుంచి ఫోన్ దాకా అంతా చెప్పింది. అక్క శ్రద్ధగా విన్నది. "అయితే నా మందును నువ్వే ఓడించావన్నమాట," అని నవ్వబోయి, నవ్వలేక, కళ్లు తుడుచుకుంది. పిన్ని తల దించుకుంది.

మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టి నేను లేచేసరికి అక్క ముఖం మళ్లీ తేటగా ఉంది.

"ఎలుకలకు గుర్తొస్తోందా?" అంది.

వస్తోందక్కా అంటే సరిపోయేది. తప్పని పట్టుకునే యంత్రం ఆ ఇంట్లో లేదు. పిన్ని మంచం మీది దుప్పటి తెచ్చి అక్క భుజాల చుట్టూ కప్పి, పక్కన కూర్చుని, మళ్లీ కాగితం దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.