కుప్పం పేరుతో పోయిన గుట్ట ద్రాక్ష

మా బావ ద్రాక్షతోటను చెడగొట్టింది వానలు కాదు, నేను. మా వైపు జనం ఇప్పటికీ ఆ ఏటి వానల్నే తిడుతుంటారు. అసలు సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి రాస్తున్నాను. పశ్చాత్తాపం ఉంది. అది ఆయన మీద జాలితో పుట్టిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఆయన మా అక్క భర్త. కుప్పం దగ్గర చెరువు కింద మంచి పొలం ఆయనది. నాకున్నది పుంగనూరు అవతల గుట్ట వాలులో గరుసు నేల. పార దించితే రాయి ఖంగుమంటుంది. కర్ణాటక వైపున్న ఒక వైన్ ఫ్యాక్టరీ వాళ్లు వైట్ వైన్ ద్రాక్ష వేస్తే కొంటామన్నారు. ఇద్దరం ఒకే రకం మొక్కలు తెచ్చి నాటాం. బావ నా నేల చూసి నవ్వాడు.

"ఈడ ద్రాక్ష యాలప్పా? కంకర మిషన్ పెట్టుకో, బాగా గిట్టుబాటవుతాది."

నా గుట్ట తూర్పుకు తిరిగి ఉంటుంది. పొద్దుటి ఎండంతా తీసుకుని, సాయంత్రం కాకముందే నీడలోకి పోతుంది. ఆ చల్లదనానికి కాయలో పులుపు చావదు. వాన నీళ్లు నిలవవు కాబట్టి వేరు రాళ్ల సందుల్లో వెతుక్కుంటూ దిగాల్సిందే. కాయ చిన్నది, తోలు మందం. నోట్లో వేసుకుంటే ముందు దవడలు లాగుతాయి, తీపి తర్వాత వస్తుంది. బావ పొలంలో చెమ్మ ఆరదు. కాయ ఉబ్బి నిగనిగలాడేది, కొరికితే తియ్యటి నీళ్లు. ఊరికే తినడానికి ఆయనదే బాగుండేది.

మొదటి కోత చివరి రోజు నేనింకా గుట్ట మీదే ఉన్నాను. రెండు తోటల పెట్టెలూ ఎక్కించుకుని బావ లారీతో వెళ్లాడు. ఏ పెట్టెలు ఏ నేలవో ఫ్యాక్టరీలో చెప్పింది ఆయనే.

కొన్ని నెలలకు ఇద్దరినీ రుచి చూడ్డానికి పిలిచారు. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదానిలో నిమ్మతొక్క గిల్లినప్పటి వాసన, దాని వెనక తొలి చినుకు పడిన బండ వాసన. రెండోది పాకం గిన్నె కడిగిన నీళ్లలా ఉంది. వైన్ తయారు చేసే ఆయన మొదటి గ్లాసు ఎత్తి, "ఇది కుప్పం నేల గొప్పతనం. పుంగనూరుది ఇంక మాకొద్దు" అన్నాడు.

బావ గ్లాసులోకే చూస్తూ, "ఏదో, భూమితల్లి దయ సార్" అన్నాడు.

మొదటి గ్లాసులోది నా గుట్ట కాయేనని, బావ పెట్టెలు మార్చి చెప్పాడని నాకు మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అంతలో బావ నా భుజం మీద చెయ్యేశాడు. "మా బామ్మర్దిది గుట్ట సార్. పాపం, రాళ్లల్లో ఏం పండుతాది?"

ఆ 'పాపం' దగ్గర నోరు మూసుకున్నాను. నిజం చెప్పి గెలవడం నాకు చాలదనిపించింది. ఆయన పొలాన్ని ఆయన చేతులతోనే పాడు చేయించాలి.

సీసాలు కుప్పం పేరుతో వచ్చాయి. ఎండాకాలంలో బావ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఈసారి గూడా వాళ్లకు అదే రుచి రావాలంటప్పా. ఏం జేద్దాం?" అది నీ ద్రాక్షేనని ఆయన అప్పుడొక్కసారి ఒప్పుకొని ఉంటే నా మనసు మారేదేమో. ఒప్పుకోలేదు.

"చెరువు ఎండిపోయిండాది గదా బావా. మన్ను తోలించు. నేలకు బలమొస్తే రుచి అదే వస్తాది" అన్నాను.

ఎండిన చెరువు మన్నును మించిన ఎరువు లేదని మా వైపు పుట్టిన ప్రతివాడూ వింటూ పెరుగుతాడు. మిగతా పంటలకు అది నిజం. వైన్ ద్రాక్షకు నేల బలమే శత్రువని మొక్కలు నాటిన రోజే ఫ్యాక్టరీ ఆయన చెప్పాడు. అప్పుడు బావ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ట్రాక్టర్లు తిరుగుతుంటే చూడ్డానికి కుప్పం వెళ్లాను. అక్క మజ్జిగ ఇచ్చింది. జరిగినదంతటిలో ఆ మజ్జిగ ఒక్కటే నాకు అరగలేదు.

వానలు పడగానే తీగలు పిచ్చెక్కినట్టు పెరిగాయి. ఆకు గుత్తుల్ని కప్పేసింది, గాలి ఆడలేదు, బూజు పట్టింది. మిగిలిన కాయలతో తీసిన వైన్ పారబోయాల్సి వచ్చిందట. కుప్పం ద్రాక్ష వద్దన్నారు. కొన్నాళ్లు ఆ 'పాపం' గుర్తు తెచ్చుకుని మరీ నవ్వుకున్నాను. అయితే వాళ్ల దృష్టిలో పుంగనూరు అంతకంటే నాసి నేల. నా గుట్ట వైపు ఎవరూ రాలేదు. పగ పట్టినప్పుడు ఈ లెక్క నాకు తట్టలేదు. గుత్తులు తీగ మీదే ఎండాయి, గోరువంకలు తిన్నాయి.

పోయిన పంటకాలంలో మదనపల్లె టమోటా మార్కెట్లో బావ కనిపించాడు. ద్రాక్ష పీకేసి టమోటా పెట్టాడట.

"ఇట్రాప్పా! సూడు, కాయ ఎట్లుండాదో! అంతా నువ్వు తోలమన్న మన్నే!"

"బావా, నీ ద్రాక్ష చెడిపోవాలనే తోలమన్నా."

ఆయన మండీ సాయిబు వైపు తిరిగి పగలబడి నవ్వాడు. "ఇన్నావా భాయ్, మా బామ్మర్ది నన్ను ముంచేసినాడంట!"

"అట్ల ముంచే బామ్మర్ది నాకూ ఒకడుంటే బాగుండు భాయ్" అన్నాడు సాయిబు.

"ఆ మొదటి వైన్ నా గుట్టది" అన్నాను.

బావ నవ్వు ఆగింది. ఒక టమోటా తీసి పంచెకు తుడిచాడు. "పాత మాటలు ఇప్పుడు యాలప్పా? నీ గుట్టకూ నాలుగు లోడ్లు మన్ను తోలిస్తాలే. ఆ రాళ్లల్లో ఎన్నాళ్లు ఏడుస్తావు?"

వారం తిరక్కుండానే మన్నుతో ట్రాక్టర్లు గుట్ట ఎక్కాయి. అది ప్రేమో, ప్రతీకారమో నాకు ఈ రోజుకీ తెలియదు. దారికి అడ్డంగా నిలబడ్డాను.

"యాడ పొయ్యమంటావన్నా?" అన్నాడు డ్రైవరు.

"ఈడ పొయ్యొద్దు. ఎనక్కి తిప్పు."

"బంగారట్లా మన్ను, ఊరికే వస్తాంటే వద్దంటావే!"

"మంచిదేలే. అందుకే వద్దంటాండా."

వాడు నన్ను ఎగాదిగా చూసి బండి తిప్పుకున్నాడు. ఆ పూటే ఫ్యాక్టరీ ఆయనకు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి నా గుట్ట మీద నిలబడి ఒక్క కాయ తిని చూడమన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఆయన రాకపోతే ఈసారి పెట్టెలు నేనే మోసుకుపోతాను. ఏ గ్లాసు ఏ నేలదో, ఆ రోజు అబద్ధం చెప్పింది ఎవరో, ఆ బల్ల ముందే నిలబడి చెబుతాను. అక్క బాధపడుతుంది. అయినా చెబుతాను.